చిటికెడు మందు, యాభై గజాల దూరం

అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, ఈరీ సరస్సు ఒడ్డున క్యాంప్ పెర్రీ అనే సైనిక శిబిరం ఉంది. 1907 నుంచి అది ఆ దేశపు జాతీయ షూటింగ్ పోటీలకు పేరున్న వేదిక. అక్కడి పిస్టల్ పోటీల్లో పాతది, అభిమానులు పట్టు విడవనిది ‘2700’. ఇందులో మూడు తరగతులు: .22, సెంటర్‌ఫైర్ (ప్రైమర్ అడుగు మధ్యలో ఉండే తూటాలు), .45. ఒక్కో తరగతిలో 90 గుండ్లు, మొత్తం 270. గుండుకు 10 పాయింట్లు మించి రావు. ఒంటిచేత్తోనే కాల్చాలి. కొన్ని గుండ్లు 50 గజాల నుంచి తాపీగా కాల్చవచ్చు. మిగతావి 25 గజాల నుంచి గడియారం నడుస్తుండగా కాల్చాలి. ముందు 5 గుండ్లకు 20 సెకన్లు ఇస్తారు, తర్వాత 5 గుండ్లకు 10 సెకన్లే. 50 గజాల లక్ష్యపు కాగితం మీద పది పాయింట్ల వలయం అడ్డుకొలత సుమారు 8.5 సెంటీమీటర్లు. దాని లోపల, స్కోర్లు సమానమైనప్పుడు తగువు తీర్చే ‘ఎక్స్’ వలయం 4.3 సెంటీమీటర్లు.

ఈ పోటీకి తయారయ్యేవాళ్లు ఏడాదికి వేల గుండ్లు కాలుస్తారు. .22 తూటాలు కొనుక్కోవలసిందే. సెంటర్‌ఫైర్, .45 తూటాలను మాత్రం చాలామంది ఇంట్లో, గరాజులో ఒక బల్ల మీద తామే కట్టుకుంటారు. పేలిన తూటాలో ఇత్తడి కేసు చెక్కుచెదరకుండా మిగులుతుంది. తూటాలో ఖరీదైన భాగం కూడా అదే. దాన్ని అచ్చులో నొక్కి మళ్లీ కొలతకు తెస్తారు. అడుగున మందుకు నిప్పు అంటించే ప్రైమర్ కాలిపోయి ఉంటుంది, దాన్ని తీసి కొత్తది పెడతారు. తుపాకి మందు పోసి, పైన గుండు దించి, మూతిని కొద్దిగా బిగిస్తారు. అమెరికన్ చట్టాల ప్రకారం సొంత వాడకానికి ఇలా చేసుకోవడం మామూలు వ్యవహారమే. గోల్ఫు ఆడేవాళ్లు బంతుల గురించి వాదించుకున్నట్టు వీళ్లు మందుల గురించి వాదించుకుంటారు.

దుకాణానికి వెళితే ఒక పౌండు డబ్బాలు వరసలుగా కనిపిస్తాయి. బుల్స్‌ఐ, రెడ్ డాట్, టైట్‌గ్రూప్, క్లేస్, 231, ఎన్310, ఎన్320, ఇంకా చాలా. అన్నింట్లోనూ నల్లగా, బూడిద రంగులో మెరిసే రవ్వలే. ఏ డబ్బా తీసుకోవాలి? ఈ ప్రశ్నకు రసాయనశాస్త్రం సగం జవాబే ఇస్తుంది. మిగతా సగం మందు పోసే చేతిది, ఆ చేతి పొరపాటును పట్టుకునే కంటిది. లక్ష్యానికి కాల్చే పిస్టల్ విషయంలో ఆ రెండో సగమే పెద్దదని నా అభిప్రాయం. ముందు మొదటి సగం చూద్దాం.

తుపాకి మందు అనగానే మనకు తోచేది సూరేకారం, బొగ్గు, గంధకం కలిపిన నల్లమందు. అది కాలితే సగానికి పైగా బరువు ఘనపదార్థంగానే మిగిలిపోతుంది. అదే పొగ, అదే గొట్టంలో పేరుకునే మసి. 1884లో ఫ్రాన్స్‌లో పాల్ వియై అనే శాస్త్రవేత్త నైట్రోసెల్యులోజును ద్రావకాలతో ముద్దగా చేసి, పలచని రేకులుగా కోసి తుపాకికి పనికొచ్చే మందు తయారు చేశాడు. రెండేళ్లకే ఫ్రెంచి సైన్యం చేతికి ఆ మందుతో పేలే లెబెల్ రైఫిల్ వచ్చింది. 1887లో ఆల్ఫ్రెడ్ నోబెల్ నైట్రోసెల్యులోజుకు నైట్రోగ్లిసరిన్ కూడా కలిపి బాలిస్టైట్ చేశాడు. 1889లో బ్రిటన్‌లో ఏబెల్, డ్యూవర్ అనే శాస్త్రవేత్తలు కలిసి కార్డైట్ చేశారు. అప్పటి నుంచి పొగలేని మందులు రెండు వంశాలుగా సాగుతున్నాయి. నైట్రోసెల్యులోజు ఒక్కటే ఆధారంగా ఉన్నవి ఒకటి, నైట్రోగ్లిసరిన్ కలిసినవి రెండోది. రెండో రకంలో బరువుకు బరువు శక్తి ఎక్కువ, మంట వేడి కూడా ఎక్కువ. ఫిన్లాండ్‌లో విహ్తావుయొరి అనే ఊళ్లో తయారయ్యే ఎన్310 మొదటి వంశానిది, అమెరికన్ బుల్స్‌ఐ రెండో వంశానిది. అయినా రెండూ ఒకే పనికి పోటీ పడతాయి. అంటే వంశాన్ని బట్టి మందు స్వభావం పూర్తిగా తేలదు.

ఆకారం, పలుచన కూడా చూడాలి. పొగలేని మందు రవ్వ ఒక్కసారిగా పేలిపోయే వస్తువు కాదు. అది పైపొర నుంచి లోపలికి, పొర వెంట పొరగా కాలుతుంది. పొయ్యిలో చితుకులు భగ్గున మండిపోతే అదే బరువున్న మొద్దు గంటలు రగిలినట్టు, రవ్వ ఎంత పలచనైతే అంత త్వరగా అయిపోతుంది. అందుకే తయారీదారులు ఒకే ముద్దను పలచని బిళ్లలుగా కోసి పిస్టల్ మందు చేయగలరు, లావుపాటి గొట్టపు ముక్కలుగా కోసి రైఫిల్ మందూ చేయగలరు. రైఫిల్ మందుల్లో రవ్వ పైన నిదానింపజేసే పూత కూడా పూస్తారు. 1930లలో అమెరికాలో ఫ్రెడ్ ఓల్సెన్ అనే రసాయనవేత్త మందును నీటిలో చిన్నచిన్న గోళీలుగా గడ్డకట్టించే పద్ధతి కనిపెట్టాడు. పైన చెప్పిన 231 ఆ గోళీ మందుల సంతతిలోదే.

వియై పేరుతో ఒక సూత్రం కూడా ఉంది. చుట్టూ పీడనం పెరిగేకొద్దీ మందు కాలే వేగం పెరుగుతుంది. వేగం పెరిగితే వాయువు ఇంకా ఎక్కువ పుడుతుంది, పీడనం ఇంకా పెరుగుతుంది. ఆరుబయట పళ్లెంలో పోసి అంటిస్తే ఇదే మందు పసుపు మంటతో బుస్సుమని కాలి ఊరుకుంటుంది. ఇత్తడి కేసులో, గుండు మూత వేసి ఉండగా అయితే ఒక్క సెకనులో వెయ్యో వంతులో పని ముగిస్తుంది. మందు రెండింతలు పోస్తే పీడనం రెండింతలతో ఆగకపోవడానికి కారణం కూడా ఈ చక్రమే. ఈ సంగతి కాసేపట్లో మళ్లీ అవసరమవుతుంది.

పిస్టల్ గొట్టం పొట్టి. .45 పిస్టల్‌లో అది 5 అంగుళాలు, అంటే 12.7 సెంటీమీటర్లు. లక్ష్యానికి కాల్చేవాళ్లు వాడే గుండు సాధారణంగా 185 లేదా 200 గ్రైన్ల సీసపు గుండు. గ్రైన్ అంటే దాదాపు 65 మిల్లీగ్రాములు, పౌండుకు 7000 గ్రైన్లు. ఈ గుండు మూతి దాటేటప్పటికి వేగం సెకనుకు 230 మీటర్లు ఉంటే చాలు, అది ధ్వని వేగం కన్నా బాగా తక్కువ. పోటీలో కాగితానికి బెజ్జం పడితే సరిపోతుంది. ఎక్కువ వేగం వల్ల చేతికి దెబ్బ తప్ప లాభం లేదు. పొట్టి గొట్టం, తక్కువ వేగం, తక్కువ పీడనం కలిస్తే గుండు ఇంకా గొట్టం మొదట్లో ఉండగానే కాలడం ముగించే చురుకైన మందు కావాలి. నెమ్మది మందు అయితే సగం రవ్వలు కాలకుండానే మూతి బయటికి ఎగిరిపోతాయి. పీడనం తగినంత లేచేదాకా అది సరిగ్గా అంటుకోదు కూడా. మాగ్నమ్ తూటాలకు వాడే హెచ్110 అనే గోళీ మందును ప్రకటించిన కొలత కన్నా 3 శాతానికి మించి తగ్గించవద్దని దాన్ని అమ్మే హాడ్జ్‌డన్ కంపెనీయే చెబుతుంది. తేలిక తూటాకు దాన్ని వాడదామనుకునేవాడికి ఆ ఒక్క వాక్యం చాలు.

చురుకైన మందుల్లో చాలావాటి పుట్టుక షాట్‌గన్‌లో ఉందంటే మొదట్లో వింతగా ఉంటుంది. రెడ్ డాట్, క్లేస్ మట్టి పిట్టలను కాల్చే ఆటకు వచ్చిన మందులు. 12 గేజ్ షాట్‌గన్‌కు అనుమతించే గరిష్ఠ పీడనం చదరపు అంగుళానికి 11,500 పౌండ్లే. అంత తక్కువ పీడనంలో నమ్మకంగా అంటుకునే మందు 21,000 పౌండ్ల హద్దున్న .45లో, 17,000 పౌండ్ల హద్దున్న .38 స్పెషల్ అనే రివాల్వర్ తూటాలో ఇబ్బంది పెట్టదు. ఈ హద్దులను నిర్ణయించేది 1926లో ఏర్పడిన తయారీదారుల సంఘం, పేరు సామీ. 17,000 పౌండ్లంటే వాతావరణ పీడనానికి దాదాపు 1150 రెట్లు. అరచేతికి ఒక ఉక్కు గోడ మందం అవతల అంత పీడనం ఉంటుందన్నమాట.

ఈ రంగంలో పెద్దన్న బుల్స్‌ఐ. 19వ శతాబ్దం చివరి ఏళ్లలో లాఫ్లిన్ అండ్ ర్యాండ్ అనే కంపెనీ దాన్ని తెచ్చింది. ఆ కంపెనీని డ్యూపాంట్ కొనేసింది. అమెరికన్ ప్రభుత్వం డ్యూపాంట్ గుత్తాధిపత్యాన్ని విడగొట్టినప్పుడు పుట్టిన హెర్క్యులెస్ కంపెనీ చేతికి ఆ మందు వెళ్లింది. 1990లలో అక్కడి నుంచి అలయంట్‌కు మారింది. న్యూజెర్సీలోని కెన్విల్‌లో హెర్క్యులెస్ వారి కర్మాగారం ఉండేది. 1940 సెప్టెంబరు 12న అక్కడ జరిగిన పేలుడులో 51 మంది చనిపోయారు. దుకాణంలో డబ్బా చేతిలోకి తీసుకునేవాళ్లలో ఎంతమందికి ఆ తేదీ తెలుసో!

ఇక ‘గురికి మంచి మందు’ అనే మాట. షూటర్ల నోట ఇది తరచూ వినిపిస్తుంది. డబ్బా పేర్లలోకి కూడా ఎక్కింది: బుల్స్‌ఐ అంటే లక్ష్యం నడిబొట్టు, టైట్‌గ్రూప్ అంటే బెజ్జాలు ఒకచోట గుంపుగా పడటం. అయితే చిన్న లెక్క ఒకటి వేసి చూడండి. 50 గజాలు అంటే 45.7 మీటర్లు. సెకనుకు 230 మీటర్ల వేగంతో వెళ్లే గుండుకు ఆ దూరం దాటడానికి దాదాపు 0.2 సెకను పడుతుంది. ఆ కాస్త సమయంలో భూమ్యాకర్షణ దాన్ని 19 సెంటీమీటర్ల మేర కిందికి లాగుతుంది. ఒక తూటాలో మందు కొంచెం తేడాగా పడి గుండు వేగం 5 మీటర్లు తగ్గిందనుకుందాం. అప్పుడది ఇంకో 9 మిల్లీమీటర్లు దిగువన తగులుతుంది. ఎక్స్ వలయమే 43 మిల్లీమీటర్లు. పైగా నెమ్మదైన గుండు గొట్టంలో కాస్త ఎక్కువసేపు ఉంటుంది. ఆలోగా వెనుదన్నుకు గొట్టం కొంచెం పైకి లేస్తుంది కాబట్టి గుండు కొద్దిగా ఎగువకు బయలుదేరి, ఆ 9 మిల్లీమీటర్లలో కొంత వెనక్కి వచ్చేస్తుంది. వేగంలో సమానత్వం రైఫిల్‌తో వెయ్యి గజాలు కాల్చేవాళ్లకు ప్రాణం. పిస్టల్ వాడికి అది మంచి అలవాటు, అంతే.

పిస్టల్‌లో గురిని ఎక్కువగా నిర్ణయించేవి గుండు, గొట్టం. .38 స్పెషల్ పోటీ తూటాల్లో వాడే 148 గ్రైన్ల వాడ్‌కటర్ గుండును దగ్గరగా చూస్తే ఇది అర్థమవుతుంది. ముక్కు ఉండదు, స్తంభం ముక్కలా ముందు చదునుగా ఉంటుంది. కాగితానికి అంచు చిరగకుండా గుండ్రటి బెజ్జం పెట్టడానికి ఆ ఆకారం. వెనక వైపు దాన్ని తిప్పితే లోపల గుల్ల, చుట్టూ పలచని సీసపు అంచు కనిపిస్తాయి. మందు వాయువు ఆ గుల్లలోకి దూరి అంచును బయటికి నెట్టి, గొట్టం లోపలి గాడులకు ఆనుకునేలా విప్పుతుంది. చురుకైన మందు ఇక్కడ మేలు చేస్తుంది. వాయువు పక్కల నుంచి జారిపోకముందే అంచు విచ్చుకుంటుంది. అదే మందు ఎక్కువైతే ఆ పలచని అంచు తెగి గొట్టంలోనే ఉండిపోయే ప్రమాదం ఉంది. అందుకే ఈ గుండును సెకనుకు 240 మీటర్లు దాటించరు.

వెనుదన్ను గురించి కూడా ఒక పాత నమ్మకం ఉంది. చురుకైన మందు ‘గట్టిగా కొడుతుంది’, నెమ్మది మందు ‘మెత్తగా తోస్తుంది’ అంటారు. తేలిక తూటాలో గుండు బరువు 12 గ్రాములు, మందు పావు గ్రాము. తుపాకిని వెనక్కి తోసే ద్రవ్యవేగంలో 90 శాతానికి పైగా గుండుదే. అంతా వెయ్యో వంతు సెకనులో ముగిసిపోయే వ్యవహారం కాబట్టి ఆ లోపలి పీడనం ఎలా ఎక్కి దిగిందో మణికట్టు పసిగట్టగలదని నేను నమ్మను. మూతి దగ్గర శబ్దంలో, మంటలో తేడా మాత్రం నిజం. చురుకైన మందు తక్కువ పరిమాణంలో సరిపోతుంది, మూతి దాటేసరికి వాయువు చప్పబడి ఉంటుంది. చెవికి తక్కువ మోత వినిపిస్తే చేతికి కూడా తక్కువ దెబ్బ తగిలినట్టు అనిపిస్తుంది.

ఇక చెయ్యి, కన్ను.

మందును ఒక్కో తూటాకు త్రాసులో తూచి పోస్తే వెయ్యి తూటాలు కట్టడానికి వారాలు పడుతుంది. అందుకని అందరూ ఘనపరిమాణంతో కొలిచే యంత్రం వాడతారు. పైన పారదర్శకమైన గరాటు, కింద ఒక గుంట. పిడి తిప్పితే గుంట నిండుతుంది, తిరిగి తిప్పితే కేసులో ఒలుకుతుంది. ఇక్కడ మందు రూపం తేలిపోతుంది. గోళీ మందు నువ్వులు జారినంత సాఫీగా జారి, గుంటను ప్రతిసారీ ఒకేలా నింపుతుంది. పెద్ద బిళ్లల మందు గరాటు మెడలో ఒకదానిపై ఒకటి వాలి వంతెన కడుతుంది. ఒక కేసులో తక్కువ, దాని తర్వాతి కేసులో ఎక్కువ పడుతుంది. పోటీ తూటాకు పోసేదే మూడు నాలుగు గ్రైన్లు. అందులో 0.2 గ్రైన్ తేడా అంటే 5 నుంచి 7 శాతం. రైఫిల్ తూటాలో 40 గ్రైన్లకు 0.2 తేడా పడితే ఎవరూ పట్టించుకోరు. కాబట్టి పలచని చిన్న బిళ్లల బుల్స్‌ఐ, గోళీల్లాంటి 231 ఇక్కడ ముందుంటాయి. పెద్ద బిళ్లల రెడ్ డాట్ వెనకబడుతుంది.

కానీ రెడ్ డాట్‌కు వేరే సుగుణం ఉంది. అది గుల్లగా, ఎక్కువ చోటు ఆక్రమించేలా ఉంటుంది. ఇది ఎందుకు సుగుణమో తెలియాలంటే .38 స్పెషల్ లోపలికి చూడాలి. ఆ కేసు నల్లమందు కాలంలో పుట్టింది, 21 గ్రైన్ల నల్లమందు పట్టేలా. ఇప్పుడు అదే కేసులో పోటీ షూటర్లు దశాబ్దాలుగా పోస్తున్న పేరుమోసిన కొలత 2.7 గ్రైన్ల బుల్స్‌ఐ. పౌండు డబ్బాతో దాదాపు 2600 తూటాలు వస్తాయి. పొదుపు సంగతి అలా ఉంచండి. ఆ చిటికెడు మందు కేసు అడుగున ఐదో వంతు చోటులో పడి ఉంటుంది. పొరపాటున రెండోసారి పిడి తిప్పితే ఐదింట రెండు వంతులు నిండుతుంది. పైన గుండు హాయిగా దిగుతుంది. చూడకపోతే తెలియదు. ఆ తూటా పేలినప్పుడు ఏమవుతుందో వియై సూత్రం చెబుతుంది. పీడనం పీడనాన్ని పెంచుకుంటూ పోతుంది, రివాల్వర్ చక్రం చీలిపోవచ్చు. పేలిపోయిన .38 రివాల్వర్ల గురించి అమెరికన్ తుపాకి పత్రికల్లో ఏళ్ల తరబడి రకరకాల నిగూఢ సిద్ధాంతాలు వచ్చాయి. తక్కువ మందు విచిత్రంగా విస్ఫోటనం చెందుతుందనేది వాటిలో ఒకటి. రెండుసార్లు పోసిన పొరపాటు చాలినంత కారణంగా కళ్లెదుట ఉండగా వేరే రహస్యం అక్కర్లేదనిపిస్తుంది నాకు.

గుల్ల మందు అయితే రెండోసారి పోయగానే కేసు నిండిపోయి కంటికి కొడుతుంది, లేదా బల్ల మీదికి ఒలికిపోతుంది. ఉంగరాల ఆకారంలో రవ్వలుండే ట్రైల్ బాస్ అనే ఆస్ట్రేలియన్ మందును పాతకాలపు పెద్ద కేసులు నింపడానికే తయారు చేశారు. అది కొలిచే యంత్రంలో అంత సాఫీగా జారదు. అంటే ఇక్కడ సూటిగా బేరం: సమానంగా కొలవబడే మందా, పొరపాటు దాచని మందా? మందు పోసిన 50 కేసులను చెక్క పలకలో నిలబెట్టి, గుండు దించే ముందు దీపం కింద ప్రతి కేసులోకీ తొంగిచూసే ఓపిక ఉన్నవాడికి బుల్స్‌ఐ చాలు. పిడి ఒక్కసారి లాగితే నాలుగు పనులు ఒకేసారి చేసే యంత్రం ముందు కూర్చుని, టీవీలో ఆట చూస్తూ గంటకు 400 తూటాలు కట్టేవాడు గుల్ల మందు కొనుక్కోవడం మంచిది. ఇంకా మంచిది టీవీ కట్టేయడం. అసలు మందే పడని తూటా ఇంకో రకం ముప్పు. ప్రైమర్ ఒక్కటే గుండును గొట్టంలో సగం దూరం తోసి వదిలేస్తుంది. చప్పుడు వింతగా ఉందని ఆగకుండా రెండో గుండు కాలిస్తే గొట్టం ఉబ్బుతుంది. 10 సెకన్లలో 5 గుండ్లు కాల్చే పోటీలో ఆగడం తేలిక కాదు.

కేసులో ఖాళీ చోటు మరో చిక్కు తెస్తుంది. తుపాకి మూతి కిందికి వంచి, మెల్లగా పైకెత్తి కాలిస్తే మందు గుండు వైపు పోగై ఉంటుంది. మూతి ఆకాశం వైపు పెట్టి కిందికి దించితే ప్రైమర్ వైపు పోగవుతుంది. రెండు స్థితుల్లో వేగాలు కొలిస్తే కొన్ని మందుల్లో తేడా బాగా కనిపిస్తుంది. టైట్‌గ్రూప్‌ను ఈ తేడా తక్కువగా ఉండేలా రూపొందించామని తయారీదారు చెప్పుకుంటాడు. లక్ష్యానికి కాల్చేవాడు ప్రతిసారీ బల్ల మీద నుంచి ఒకే తీరుగా చెయ్యెత్తుతాడు కాబట్టి మందు కూడా దాదాపు ఒకే చోట ఉంటుంది. వేగంలో తేడా ఎంత తక్కువ ముఖ్యమో పైన చూశాం కదా. ఈ గుణానికి పెద్దగా డబ్బు పెట్టనక్కర్లేదు.

సెమీ ఆటోమాటిక్ పిస్టల్ అయితే మందు ఇంకో పని కూడా చేయాలి. వెనుదన్నుతో పిస్టల్ పైన కదిలే భాగం, అంటే స్లైడు, వెనక్కి వెళ్లి, ఖాళీ కేసును విసిరి, కొత్త తూటాను ఎత్తుకుని రావాలి. సైనిక .45లో 230 గ్రైన్ల గుండు సెకనుకు 250 మీటర్లతో వెళుతుంది, అందులోని స్ప్రింగు ఆ బలానికి సరిపడేది. తేలిక తూటా ఆ స్ప్రింగును పూర్తిగా నొక్కలేదు, ఖాళీ కేసు సగంలో ఇరుక్కుంటుంది. దీనికి మందు పెంచడం ఒక దారి, మెత్తటి స్ప్రింగు వేయడం ఇంకో దారి. పోటీ షూటర్లు రెండోదాన్నే ఎంచుకుంటారు. రివాల్వర్‌కు ఈ బాధ లేదు, దానికి వేరే బాధ ఉంది. ఖాళీ కేసులను బయటికి నెట్టే నక్షత్రం లాంటి లోహపు బిళ్ల కింద కాలని రవ్వలు రెండు చేరాయంటే చక్రం మూసుకోదు. గడియారం నడుస్తుంటుంది, షూటర్ వేలిగోటితో రవ్వ గీకుతుంటాడు. మురికి చేయని మందు కావాలని షూటర్లు కోరేది ముఖ్యంగా ఇందుకే. పొగ విషయంలో మందును ఆడిపోసుకోవడం మాత్రం తరచూ అన్యాయం. సీసపు గుండు మీద పూసిన మైనం, జిడ్డు కాలి పొగ వస్తుంది. అదే మందుతో రాగి తొడుగున్న గుండు కాలిస్తే పొగ చాలావరకు మాయమవుతుంది.

మందుల వేగాలను వరసగా పేర్చిన పట్టికలు ప్రతి తయారీదారూ ప్రచురిస్తాడు. ఎవరు ముందు, ఎవరు వెనక అన్నదే అందులో తెలుస్తుంది, ఎంత ముందు అన్నది తెలియదు. పక్కపక్కనే ఉన్న రెండు మందుల కొలతలు ఒకటే అనుకోవడం ప్రాణాంతకమైన అంచనా. కొలత ఎప్పుడూ తయారీదారు తాజాగా ప్రచురించిన పుస్తకం నుంచే తీసుకోవాలి, అందులో ఇచ్చిన కనిష్ఠం దగ్గర మొదలుపెట్టాలి. పైన నేను రాసిన 2.7 గ్రైన్లు చరిత్ర చెప్పడానికి, వాడుకోవడానికి కాదు. ఇంకో తమాషా: హాడ్జ్‌డన్ అమ్మే హెచ్‌పీ38, వించెస్టర్ పేరుతో అమ్మే 231 ఒకే మందు. డబ్బాలు వేరు, లోపలిది ఫ్లోరిడాలోని ఒకే కర్మాగారం సరుకు. ఒకటి తమ పిస్టల్‌కు పడుతుంది, రెండోది పడదు అని ఒట్టేసి చెప్పేవాళ్లున్నారు. 2020 తర్వాత అమెరికాలో మందు, ప్రైమర్లు దొరకని కాలం వచ్చినప్పుడు ఇలాంటి నిశ్చితాభిప్రాయాలు చాలానే సడలాయి. అరలో ఏది ఉంటే అదే మంచి మందు అయింది.

బల్ల మీద ఒకసారికి ఒకే డబ్బా తెరిచి ఉండాలన్నది ఈ పనిలో పాత నియమం. పని ముగిశాక గరాటులో మిగిలిన మందును వెంటనే అదే డబ్బాలో పోసేయాలి. నైట్రోగ్లిసరిన్ ఉన్న మందును ప్లాస్టిక్ గరాటులో వదిలేస్తే లోపలి గోడ మసకబారి, మెల్లగా కరిగిన గుర్తులు పడతాయి. పాత యంత్రం కొన్నవాళ్లు ఆ మరకను చూసి వెనకటి యజమాని బద్ధకాన్ని పోల్చుకుంటారు. కాలంతో మందు కూడా చెడుతుంది. నైట్రోసెల్యులోజు నుంచి నెమ్మదిగా నైట్రోజన్ ఆక్సైడులు విడుదలవుతాయి. వాటిని పట్టేసుకోవడానికి డైఫినైలమీన్ లాంటి పదార్థం కలుపుతారు. అది ఖర్చయిపోయాక మందు ఆమ్లపు ఘాటు వాసన కొడుతుంది, రవ్వల మీద ఇటుక రంగు దుమ్ము పేరుకుంటుంది. అలాంటి డబ్బాను ఇంట్లో ఉంచకూడదు. అమెరికన్ అగ్నిమాపక నియమాలు ఇంట్లో 20 పౌండ్ల దాకా అసలు డబ్బాల్లోనే ఉంచుకోనిస్తాయి, ఆపైన 50 పౌండ్ల దాకా అంగుళం మందం చెక్కపెట్టె ఉండాలి. గట్టి ఇనప్పెట్టె ఎందుకు కాదంటే, మంట తగిలితే ఊరికే కాలిపోయే మందు గట్టిగా బిగించిన చోట బాంబు అవుతుంది. డబ్బా అతుకు సులువుగా విడిపోయేలా చేసేది కూడా అందుకే.

మన దేశంలో ఆయుధ చట్టం 1959 ప్రకారం లైసెన్సు లేకుండా తూటా తయారు చేయడం నేరం. కాబట్టి మన షూటర్లకు గరాజు బల్ల అనేది దాదాపు లేదు. 2006 దోహా ఆసియా క్రీడల్లో జస్పాల్ రాణా స్వర్ణం గెలిచిన సెంటర్‌ఫైర్ పిస్టల్ ఈ వ్యాసం చెప్పిన తూటాలకు దగ్గర బంధువు. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ జట్టు స్వర్ణం, వ్యక్తిగత రజతం తెచ్చిన 25 మీటర్ల పిస్టల్ మాత్రం .22. ఆ తూటాలో ప్రైమర్ మిశ్రమం అడుగు అంచు మడతలోనే ఉంటుంది. సుత్తి దెబ్బకు ఆ అంచు నలిగిపోతుంది, మళ్లీ నింపడం కుదరదు. మందు ఎంపిక అక్కడ కర్మాగారానిది. షూటర్‌కు మిగిలే ఎంపిక లాట్ నంబరు, అంటే తూటా ఏ విడతలో తయారైందో చెప్పే అంకె. ఒకే కంపెనీ, ఒకే పెట్టె రంగు, వేర్వేరు లాట్‌ల తూటాలు తెప్పించుకుని, పిస్టల్‌ను బిగింపులో పెట్టి, ఒక్కో లాట్ ఎంత దగ్గరగా పడుతుందో చూస్తారు. నచ్చిన లాట్ దొరికితే ఏడాదికి సరిపడా కొనిపెట్టుకుంటారు. క్యాంప్ పెర్రీకి వెళ్లేవాడు కూడా కొత్త బుల్స్‌ఐ డబ్బా తెరిచిన రోజున పాత డబ్బా లాట్ నంబరుతో పోల్చుకుంటాడు. వేరైతే యంత్రం కొలతను త్రాసు మీద మళ్లీ సరిచూసుకుని, తక్కువ కొలతతో పది తూటాలు కట్టి, వేగం కొలిచాకే మిగతావి మొదలుపెడతాడు.